వినే గదిలో కుర్చీ

ఆమె వంటింట్లో మాడిన గిన్నె తోముతుంటే హాల్లోంచి భర్త గొంతు వినబడింది. "ఇదిగో, పేపర్లో వేశారు. పిల్లల మనసులు బాగుచేయడానికి బడికో వినే గదట. మీ బళ్లో అది నీకే అంటగట్టారుగా? నీ పనే నయం. కూర్చుని వినడమేగా!"

"మా కాలంలో ఈ మనసులూ గినసులూ ఎక్కడున్నాయిరా," అని అత్తగారు వంత పాడింది.

ఆమెకు ఒళ్లు మండింది. గిన్నెను ఇంకాస్త గట్టిగా రుద్దింది. ఆమె సైన్సు టీచరు. ప్రభుత్వం గది పెట్టమంది గానీ మనిషిని ఇవ్వలేదు. "ఆడవాళ్లకైతే ఓపికెక్కువ మేడమ్," అని హెడ్మాస్టరు నవ్వుతూ ఆ పని ఆమె నెత్తిన పెట్టారు. పాఠాలు తగ్గలేదు, జీతం పెరగలేదు. విరిగిన బల్లలు పడేసే గదిని తనే ఊడ్చుకుంది. శిక్షణలో చెప్పిన నియమాలు మాత్రం నచ్చాయి. వినేవాళ్లు ముందుగా కూర్చోవాలి. మధ్యలో అడ్డుపడకూడదు. ప్రాణం మీదికి వస్తే తప్ప, విన్నది ఇంట్లోవాళ్లకు చెప్పకూడదు. తను కూర్చోవాలని ఎవరైనా నియమం పెట్టడం ఆమె జీవితంలో అదే మొదలు.

అసలు గుబులు వేరే ఉంది. కూతురు అదే బళ్లో పదో తరగతి. కొన్నాళ్లుగా పిల్ల సరిగ్గా తినడం లేదు. పలకరిస్తే "ఏం లేదమ్మా" అంటుంది. ఆ 'ఏం లేదు' పాఠం చెబుతున్నా, అంట్లు తోముతున్నా ఆమె చెవిలో రొద పెడుతూనే ఉంది. భర్తతో అంటే, "ఫోను పక్కన పెడితే అదే సర్దుకుంటుంది. ప్రతిదీ భూతద్దంలో చూడకు," అని కొట్టిపారేశాడు.

ఆ రోజు ఆఖరి పీరియడ్‌లో వినే గది తలుపు దగ్గర కూతురు నిలబడి ఉంది.

"లోపలికి రావచ్చా మేడమ్?"

బళ్లో అమ్మా అని పిలవొద్దని తనే నేర్పింది. అయినా లేవబోయి, నియమం గుర్తొచ్చి ఆగింది.

"ఇక్కడ చెప్పింది ఇంట్లో చెప్పరు కదా?"

"చెప్పను."

పిల్ల చొక్కా గుండీ తిప్పుతూ చెప్పుకుపోయింది. నిద్ర పట్టదట. ప్రశ్నపత్రం చేతికిస్తే అక్షరాలు అలుక్కుపోతాయట. బాత్రూంలో కుళాయి తిప్పి ఏడుస్తుందట. లేచి పిల్లను కావలించుకోవాలని, ముందే ఎందుకు చెప్పలేదే అని కేకలేయాలని ఆమెకు ప్రాణం కొట్టుకుపోయింది. పెదవి కొరుక్కుని కూర్చుంది. చివరికి ఉండబట్టలేక ఒక్కటే అడిగింది.

"మీ అమ్మకు చెప్పలేదా?"

"చెప్దామనే వంటింటి దాకా వెళ్తాను మేడమ్. అమ్మ ఎప్పుడూ నిలబడే ఉంటుంది. ఒక చెవి నాకిస్తే ఇంకోటి నాన్న పిలుపు మీద ఉంటుంది. కూర్చుంటే కదా చెప్పేది."

సాయంత్రం ఇంటికి రాగానే ఆమె హాల్లోంచి ఒక కుర్చీ మోసుకెళ్లి కూతురి మంచం పక్కన వేసుకుంది. పిల్ల పుస్తకంలోంచి తలెత్తి చూసింది. బయట అత్తగారు టీ అంది. భర్త, "వచ్చావా? నా నీలం చొక్కా ఇస్త్రీ కాలేదేం?" అని కేకేశాడు. అలవాటు పడ్డ కాళ్లు లేవబోయాయి. వాటిని నేలకు అదిమిపట్టింది.

బదులు రాకపోయేసరికి అతను గుమ్మంలోకి వచ్చి వింతగా చూశాడు.

"ఏంటి, ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉంది," అంది ఆమె, కూతురి వైపు నుంచి చూపు తిప్పకుండా. "కూర్చున్నాను."