మొగులప్ప చెక్కిన ఎం.డి.

మొగులప్ప నాపబండ మీది రాతిపొడిని ఉఫ్‌మని ఊదాడు. ‘డాక్టర్ నిరోషా, ఎం.డి.’ అన్న అక్షరాలు బయటపడ్డాయి. తాండూరులో ఎన్నో ఇళ్లకు పేర్లు చెక్కిన చెయ్యి అది. బొటనవేలి గోరు ఏనాడో చితికిపోయింది, కనుబొమలు ఎప్పుడూ దుమ్ముకొట్టుకునే ఉంటాయి. కన్నబిడ్డ పేరు చెక్కడం మాత్రం ఇదే మొదలు. రెండెకరాల చెలక అమ్మి ఆమెను డాక్టర్ చదువుకు కిర్గిజ్‌స్తాన్ పంపాడు. ఆమె పట్టా మీద ఎం.డి. అని ఉందని వాడకట్టంతా చాటాడు.

బయటిదేశంలో చదివొచ్చిన డాక్టర్లకు ఇక్కడ పెట్టే పరీక్ష కూడా పాసైన నిరోషా ఆ సాయంత్రమే వికారాబాద్‌లో డ్యూటీకి పోవాలి. చాయ్ తెచ్చి, బండను చూసి ఆగిపోయింది.

“నాయినా, గట్ల రాయొద్దు. ఆడ ఎం.డి. అంటే మొదటి డాక్టర్ సదువే. గదాన్నే మనకాడ ఎం.బి.బి.ఎస్. అంటరు. మనకాడ ఎం.డి. కావాల్నంటే దాని మీద ఇంకో మూడేండ్లు సదవాలె.”

మొగులప్ప వేళ్లు ముడిచి చూసుకున్నాడు. “ఎం.డి.ల రెండే అక్షరాలున్నయి. ఎం.బి.బి.ఎస్.ల నాలుగున్నయి. నాలుగున్నది చిన్న సదువెట్లయితది బిడ్డా?”

నిరోషా చాయ్ గ్లాసు తండ్రి చేతికిచ్చింది.

“చెరిపేస్తే అయిపాయె,” అంది రుక్కమ్మ వంటింట్లోంచి.

భార్య మాటకు మొగులప్పకు ఒళ్లు మండింది. ఇదేమన్నా పలకా? నాలుగక్షరాలు కొట్టడానికి బండ మీద జాగా కూడా లేదు. చివరికి తెల్ల సిమెంటు కలిపి ఆ రెండింటినీ పూడ్చాడు. మధ్యాహ్నానికి అది ఆరింది. నీలం బండ మీద ఎం.డి. తెల్లగా వీధి మలుపు దాకా మెరిసిపోతోంది.

“ఇప్పుడు మంచిగ కనవడ్తుందన్నా,” అని ఎదురింటి బీరన్న మెచ్చుకుని పోయాడు.

మొగులప్ప కూలబడ్డాడు. వాడకట్టులో తలెత్తుకోవడం ఎలాగన్నది ఒక బాధ. అంతకన్నా, బిడ్డ చదువును తన చేత్తోనే తగ్గిస్తున్నానన్న బాధ పెద్దది.

సాయంత్రం నిరోషా బండను గేటు పక్కన గోడకు ఆనించింది. తండ్రి భుజం మీది తువ్వాల తీసి ఎం.డి. ఉన్న చివర కప్పింది. ‘డాక్టర్ నిరోషా’ అన్నది మాత్రం పైకి కనిపిస్తోంది.

“గింతవరకు నిజమే నాయినా. మిగిలింది సదివొచ్చి, తువ్వాల నేనే తీస్త.”

“జల్ది రా బిడ్డా,” అన్నాడు మొగులప్ప.

ఆమెను వికారాబాద్ బస్సెక్కించి, చెమటను అంగీ కొసతో తుడుచుకుంటూ ఇల్లు చేరాడు. గాలికి తువ్వాల ఎగురుతోంది. దాని కొసను బండకూ గోడకూ మధ్య దూర్చి, ఊడిపోకుండా తన ఉలిని అక్కడే బిగించాడు.