బావగారి ఎర్రబండికి స్నానం

చిన్నముల్లు అక్కావాళ్ల వాకిట్లో బండికి స్టాండు వేసి, రెండడుగులు వెనక్కి వేసి చూశాడు. పొద్దున్న ఎర్రగా బయల్దేరిన బండి ఇప్పుడు ఏ రంగో చెప్పడం కష్టం. చక్రాలూ ఇంజనూ ఒకటే బురద. ట్యాంకు మీద, కొత్తగా వేస్తున్న రోడ్డు చిమ్మిన తారు చుక్కలు. అద్దంలో తన ముఖమెలా ఉందో చూసుకుందామంటే అద్దం ఉండవలసినచోట గుండ్రటి మట్టిముద్ద ఉంది.

"పుట్టి మునిగింది" అనుకున్నాడు.

అతని అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప మరెక్కడా కనిపించదు. గడియారాలు బాగుచేస్తాడు. పొట్టిగా ఉంటాడు, నిదానంగా కదులుతాడు. అందుకని ఊరంతా చిన్నముల్లనే పిలుస్తుంది. బండి అతనిది కాదు, అక్కమొగుడిది. బావగారు తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు. అంగుళంలో పదోవంతు తేడా వచ్చినా ఆయనకు ఆ పూట అన్నం సహించదు. ఆ బండిని కంటికి రెప్పలా చూసుకుంటారు. పొరుగూళ్లో పెద్ద గడియారం ఆగిపోయింది, బస్సుల్లేవు, ఒక్క పూటకు బండి ఇమ్మని బావమరిది అడిగినప్పుడు, ఆఫీసు మీటింగుకి ఊరెళ్తున్న ఆయన తాళంచెవిని నాలుగుసార్లు ఇచ్చి నాలుగుసార్లు వెనక్కి తీసుకున్నారు.

"ఏవోయ్, మబ్బు కనిపిస్తే?"

"దిగిపోతాను బావా."

"దిగి?"

"తోసుకొస్తాను."

అప్పుడు గానీ తాళంచెవి చేతిలో పడలేదు. తీరా వాన వచ్చేసరికి తోయడం మాట అటుంచి, తలెత్తి మబ్బు చూసే తీరిక కూడా దొరకలేదు.

ఇప్పుడు రెండున్నర. బావగారి రైలు అయిదింటికి.

గొట్టం పట్టుకుని కుళాయి తిప్పబోతుంటే పక్కింటి పిట్టగోడ మీంచి కేక వినిపించింది. "ఆగు! కాలుతున్న ఇంజను మీద చన్నీళ్లు కొడతావా?"

లారీ తాత. ముప్పైయేళ్లు లారీ నడిపి ఇంట్లో కూర్చున్న మనిషి. ఆయనకు ఈ మధ్య సలహా అడిగినవాళ్లు లేరు. పిట్టగోడ మీద మోచేతులు ఆనించి సర్దుకున్న తీరు చూస్తే సాయంత్రం దాకా కదిలేలా లేడు.

"టైము లేదు తాతా."

"ఇంజనుకి నీ టైముతో పనేంటి? చల్లారనీ. ఈలోపు సైలెన్సరు మూతికి ప్లాస్టిక్ సంచి కట్టు, నీళ్లు లోపలికి పోకుండా. బురదని గుడ్డతో తుడిచావో, ఇసకతో తోమినట్టే. ముందు నాననీ, తర్వాత పైనుంచి కిందికి నీళ్లు పోయి. సబ్బు ఆ తర్వాత."

చిన్నముల్లు సంచి కట్టాడు, చల్లారనిచ్చాడు, నానబెట్టాడు, నీళ్లు పోశాడు. చక్రం ఊచల మధ్య వేళ్లు దూరకపోతే లోపలికెళ్లి గడియారాల పెట్టె తెచ్చుకున్నాడు. అందులోంచి చిన్న కుంచె తీశాడు, కంటికి భూతద్దం బిగించుకున్నాడు, ఒక్కొక్క ఊచ మొదట్లో మట్టి గీకడం మొదలుపెట్టాడు.

"అలా చేస్తే వచ్చే వానాకాలానికి అవుతుంది" అన్నాడు తాత.

అయినా పనిలోపడ్డాక అతనికి హుషారొచ్చింది. గొలుసుకి కిరసనాయిలు పట్టించి పాత పళ్లబ్రష్షుతో తోమాడు. పొడిగా తుడిచి చుక్కచుక్కగా నూనె వేశాడు. నూనె చేత్తో బ్రేకు ముట్టుకోబోతే తాత పిట్టగోడ దాటి దూకినంత పనిచేశాడు. నాలుగుంపావుకల్లా బండి మళ్లీ ఎర్రబడింది. ఇక తారు చుక్కలే మిగిలాయి.

"కిరసనాయిలు గుడ్డతో మెల్లిగా తుడువు. ఓపిగ్గా చెయ్యి. పెయింటు మీద థిన్నరు మాత్రం పెట్టకు, రంగే ఊడొస్తుంది" అని చెప్పి, తాత టీ తాగడానికి లోపలికెళ్లాడు.

ఓపిక చిన్నముల్లుకి పుట్టుకతోనే వచ్చింది గానీ, రైలుకి లేదు. రెండు చుక్కలు కిరసనాయిలుతో పోయాయి. మూడోది, ట్యాంకు కింది అంచున ఉన్నది, మొండికేసింది. పెట్టెలో థిన్నరు సీసా కనిపిస్తూనే ఉంది. ఒక్క చుక్క. ఒక్కటంటే ఒక్కటి. గుడ్డ తడిపి రాశాడు.

తారు పోయింది. ఆ వెనకే ఎరుపూ పోయింది.

గుడ్డంతా ఎర్రగా ఉంది. ట్యాంకు మీద, ఎరుపు పోయినచోట, పొడుగాటి గీత బయటపడింది. కంటికి భూతద్దం ఇంకా ఉండటంతో ఆ గీత అతనికి పంటకాలవంత వెడల్పున కనిపించింది. అలాగే గచ్చు మీద చతికిలబడ్డాడు.

సరిగ్గా అప్పుడే అక్క టీ గ్లాసుతో వచ్చింది. "ఏంట్రా, అలా కూలబడ్డావ్?"

"బావ బండి రంగు తీసేశానే అక్కా! నన్ను బతకనివ్వరు."

అక్క ట్యాంకు చూసింది, గుడ్డ చూసింది. టీ గ్లాసు మెట్టు మీద పెట్టి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది. "అది బండి రంగు కాదురా. నా గోళ్లరంగు."

చిన్నముల్లు తలెత్తాడు. అక్క చేతివేళ్లకు ఎప్పుడూ పసుపో పిండో ఉంటాయి గానీ, రంగు ఉండగా అతను చూడలేదు.

"నీకు గోళ్లరంగెందుకే?"

"దీనికే! ఆ ఎరుపు దొరకడానికి నాలుగు దుకాణాలు తిరిగాను. నెల్రోజుల్నించి బండి నేర్చుకుంటున్నా. పొద్దున్నే ఆయన నడకకెళ్లగానే నేను బండెక్కుతా, ఆయనొచ్చేలోపు మళ్లీ దుప్పటి కప్పేస్తా. మొన్న గేటు దగ్గర పడ్డాను."

"పడ్డావా! దెబ్బేమైనా..."

"నాకేం కాలేదు. దీనికే."

తను పాపం చెయ్యలేదన్న సంతోషం, అక్క చేసిందన్న భయం ఒకేసారి వచ్చేసరికి చిన్నముల్లుకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అక్క అప్పటికే లోపలికెళ్లి సీసా తెచ్చింది. "నీ చెయ్యి వణకదు. నువ్వు వెయ్యి, సీసా నేను పట్టుకుంటా."

"ముందు థిన్నరు ఆరాలే."

అక్క పమిటకొంగుతో విసిరింది. చిన్నముల్లు భూతద్దం సర్దుకుని, ఊపిరి బిగబట్టి, సన్న కుంచెతో మొదలుపెట్టాడు. సగం గీత నిండింది.

"ఏం జరుగుతోంది ఇక్కడ?"

రైలు అరగంట ముందొచ్చిందట. గేటు దగ్గర సంచీతో బావగారు. బావమరిది కంటికి భూతద్దం, చేతిలో కుంచె. భార్య చేతిలో గోళ్లరంగు సీసా. మధ్యలో తళతళలాడే బండి.

చిన్నముల్లు నోరు తెరిచేలోపు అక్క అందుకుంది.

"నేను బండి నేర్చుకుంటున్నానండీ. పడ్డాను. గీత పడింది. వాడికేం సంబంధం లేదు."

బావగారు సంచీ కింద పెట్టారు. జేబులోంచి టేపు తీసి, వంగి గీతను కొలిచారు. "మూడుంపావు అంగుళాలు" అన్నారు. టేపు జేబులో పెట్టుకున్నారు. లారీ తాత మళ్లీ పిట్టగోడ మీదికి చేరాడు.

"ఎన్ని గేర్లు వేస్తున్నావు?" అన్నారు భార్యతో.

"మూడు."

"నాలుగోది?"

"భయమేస్తుందండీ."

"మూడో గేర్లో నెల్రోజులు లాగావా? ఇంజనేమైపోవాలి?" ఆయన ముఖం జేవురించింది. "ఇంట్లో నేనొకణ్ని ఉన్నానుగా! నన్నడగాలని తోచలేదా?"

"అడిగితే ఇస్తారా?"

బావగారు తాళంచెవి ఇమ్మని బావమరిది ముందు చెయ్యి చాచారు. అతను ఇచ్చాడు. ఆయన దాన్ని అక్క చేతిలో పెట్టారు. ఈసారి వెనక్కి తీసుకోలేదు.

"ఎక్కు. నేను వెనక కూర్చుంటా. నాలుగో గేరు పడేదాకా ఇంటికి రావడం లేదు."

అక్క పమిట నడుముకి బిగించి దోపుకుని ఎక్కింది. బండి ఒక్క ఉదుటున గేటు దాటింది. "క్లచ్చు! క్లచ్చు!" అన్న బావగారి గొంతు వీధి మలుపు దాకా వినిపించింది. ఆ తర్వాత వినిపించలేదు.

"వేసినట్టుంది" అన్నాడు లారీ తాత.

చిన్నముల్లు చల్లారిన టీ తాగుతూ మెట్టు మీద కూర్చున్నాడు. అరగంట తర్వాత వచ్చారు. అక్క జుట్టు రేగిపోయింది, ముఖం వెలిగిపోతోంది. చెంగున దిగి, వంటకి ఆలస్యమైందంటూ లోపలికి వెళ్లిపోయింది. బావగారు మాత్రం దిగలేదు. వెనక సీటు మీద అలాగే కూర్చుండిపోయారు.

"బావా, దిగరా?"

"కాసేపాగు" అన్నారాయన సన్నగా. "కాళ్లు స్వాధీనంలోకి రానీ." కాస్త ఊపిరి పీల్చుకుని, వంటింటి వైపు గొంతు పెంచారు. "ఏమోయ్! రేపు పొద్దున్న కూడా వెళ్దాం. కానీ మలుపుల్లో, వెనక నేనున్నానని కొంచెం గుర్తుపెట్టుకో!"