ఎర్రముల్లు, సలోమి బొటనవేలు

నేను ఒక ఊపిరి కొలిచే గొట్టాన్ని. డాక్టర్లు పీక్ ఫ్లో మీటర్ అంటారు. సలోమి మాత్రం ఊదుగొట్టం అనేది. నా ఒంటి మీద అంకెలు, వాటి పక్కన గాడిలో జరిగే ఎర్రముల్లు. గట్టిగా ఊదితే ముల్లు పైకి పోయి అక్కడే నిలబడుతుంది. నాకొచ్చిన విద్య ఇదొక్కటే.

ఏదో ఫ్యాక్టరీలో పుట్టి, గుంటూరులో ఒక ఛాతీ ఆసుపత్రికి చేరాను. అక్కడ డాక్టర్ హిమజ ఉబ్బసానికి కొత్త ఇన్‌హేలర్ మందును పరీక్షిస్తోంది. పాత మందు నాలుగు గంటలకే చేతులెత్తేస్తుంది. ఇది రోజంతా ఊపిరి దారులు తెరిచి ఉంచుతుందని ఆమె ఆశ. అది నిజమో కాదో తేల్చాల్సింది మాత్రం నాలాంటి ప్లాస్టిక్ ముక్కలే.

సలోమి ఇరవై ఏళ్లు మిర్చికి తొడిమలు తీసిన మనిషి. ఆ ఘాటు ఆమె ఛాతీలో కాపురం పెట్టింది. ఈ పరీక్షలో చేరినప్పుడు, రోజూ ఊది అంకె రాయమని నన్నూ ఒక నోటుబుక్కునూ ఆమెకిచ్చి ఇంటికి పంపారు. కొత్త మందు పీల్చిన మొదటి వారం నా ముల్లు రెండు వందల ఎనభైకి చేరింది. చర్చిలో ఆమె ఏళ్ల తర్వాత పాట పాడింది.

"నూట యాభైకి దిగితే వెంటనే రండి, మందు మారుస్తాం," అంది డాక్టరమ్మ. మారుస్తామంటే ఈ మందు లాక్కుంటారని సలోమి భయపడింది.

మూడో వారం నుంచి ముల్లు దిగసాగింది. నూట ఎనభై, నూట అరవై, నూట ముప్పై. సలోమికి చదువు రాదు, కానీ మొదట్లో ముల్లు ఎక్కడ ఆగేదో బాగా గుర్తు. భర్త ఏలియా వాకిట్లో ముఖం కడుక్కుంటుంటే గోడవైపు తిరిగి ఊదేది. బొటనవేలితో ముల్లును పైకి నెట్టి నన్ను అతని చేతికిచ్చేది.

"రెండొందల డెబ్బై! మరి ఈ ఎగపోత ఏందే?"

"పొయ్యి పొగలేవయ్యా. నువ్వు రాయి."

అతను నోటుబుక్కులో రాసేవాడు. పక్కనే మనిషి రొప్పుతుంటే నా అంకెను నమ్మాడు చూడండి! నాకు నోరుంటే అరిచి చెప్పేదాన్ని.

నలభయ్యో రోజు ఆమెను ఆసుపత్రికి తెచ్చేసరికి పెదాలు నీలమెక్కాయి. దక్కలేదు.

తర్వాతి సోమవారం ఏలియా నన్నూ నోటుబుక్కునూ డాక్టరమ్మ బల్ల మీద పెట్టాడు. "రోజూ బానే ఊదిందండీ. నా చేత్తోనే రాశా. మరెట్టా పోయింది?"

ఆమె పేజీలు తిప్పి, నన్ను తీసుకుని, ఊదకుండానే వేలితో ముల్లును రెండు వందల డెబ్బై దాకా జరిపి చూపించింది.

"అసలు అంకె తెలిస్తే వేరే మందు ఇచ్చేదాన్ని," అంది.

ఏలియా నోటుబుక్కు మూసేశాడు. "అది ఊదేటప్పుడు ఒక్కరోజన్నా ఎదురుగా నిలబడి చూళ్లేదండీ నేను," అన్నాడు.

తప్పు అంకెలని సలోమి పేజీలను పరీక్షలోంచి తీసేశారు. నేను డ్రాయరులో ఉన్నాను. ఆ మందు ఆమె దగ్గర ఏ రోజు ఓడిపోయిందో నాకు తెలుసు. నా ముల్లు మాత్రం ఇంకా రెండు వందల డెబ్బై దగ్గరే ఉంది.