మోజెల్ కోతకు మా ముఠా

జర్మనీకి పోయే దారంతా నేను టైపు కొట్టి పెట్టినా. గిద్దలూరులో రైలు, గుంతకల్లులో మారేది, బొంబాయిలో ఓడ. పాసుపోర్టుకు కర్నూలు కచ్చేరి. దిగినాక మళ్లీ రైలు, చివరికి మోజెల్ అనే నది. దానికి రెండు పక్కలా కొండల మీద ద్రాక్షతోటలంట. మా మిషను ఆసుపత్రి మార్తా దొరసాని పుట్టిన ఊరు అక్కడే. సెలవుకు ఇంటికి పోతా, మా గుడి పాటల జట్టులో నలుగురు ఆడోళ్లను తీసుకపోతానన్నది. ఖర్చు ఆ ఊరి సంఘానిదే. ద్రాక్షకోతలప్పుడు మా పాటలు వినాలంట వాళ్లకు.

నెల్లూరులో టైపు నేర్చుకోని వచ్చినకాడి నుంచి నేను తాలూకా దాటింది లేదు. ఎట్లయినా పోవాల్సిందే. ఇంక సంఘ పెద్దలు ఊ అనడమే తరువాయి.

ఆదివారం ఆరాధన అయినాక పెద్దలు కూర్చున్నారు. వాళ్లలో పెద్దాయన ఇశ్రాయేలు పెదనాయన నా కాగితం తిప్పి తిప్పి చూసినాడు.

"అక్షరాలు ముత్యాల్లాగుండాయి యేసుమణీ. ఆ ద్రాక్షతో ఏం చేస్తారంట?"

"వైను."

"అంటే సారాయే గదా! మత్తు ముట్టమని ప్రభువు బల్ల ముందర మాటిచ్చినోళ్లం. పెళ్లిగాని పిల్లలు సారాయి ఊరికి షికారు పోతారా?"

"తాగడానికి కాదు పెదనాయనా, పాడడానికి."

"పాడాలంటే పొదిలి పోయి పాడండి."

మగోళ్లంతా నవ్వినారు. నాకు ఒళ్లు మండింది.

అప్పుడు వాకిలి కాడ కూర్చున్న పాపమ్మత్త కనిపించింది. పాటల జట్టులో గట్టి గొంతు ఆమెదే. ఏటా వరికోతలకు ఆడోళ్ల ముఠా కట్టుకోని కృష్ణా డెల్టాకు పోతుంది. పెళ్లిగాని పిల్లలూ పోతారు, నెలలు ఉండి వస్తారు. దానికి ఏ పెద్దా కూర్చోని మాట్లాడింది లేదు. కోతకు పోయే ముఠా సెలవు అడిగే అలవాటే లేదు మా ఊళ్లో.

"షికారు కాదు పెదనాయనా, కోత," అన్నా. "ముఠాకు పెద్ద పాపమ్మత్త. పగలు కోస్తాం, సాయంత్రం పాడతాం. ఏం దొరసానమ్మా, కోతకు మనుషులు కావాలా వద్దా?"

ఆడోళ్ల పక్క కూర్చున్న మార్తా దొరసాని నవ్వింది. "కావాలి. మా నాయన తోటలోనే కావాలి."

పాపమ్మత్త కొంగు దోపింది. "కోతని ముందే చెప్పొద్దూ! ఇశ్రాయేలు బావా, డెల్టాలో కల్లు దుకాణం పక్కనే మా గుడిసెలు. ఒక్కతన్నా తూలుకుంటా వచ్చిందా?"

పెదనాయన నా కాగితం మడిచి నా చేతికిచ్చినాడు. "కోతయితే మేమేం చెప్తాం. నీ ముఠా, నీ ఇష్టం."

గెలిచినాననుకున్నా. అత్త నా వైపు తిరిగింది.

"నా ముఠాలో కొడవలి పట్టనోళ్లు రారు. నువ్వెప్పుడన్నా పట్టినావా మే?"

"ద్రాక్షకు కొడవలెందుకత్తా? కత్తెర చాలంట."

"ద్రాక్షకు అక్కర్లేదు. నాకు కావాలి. రేపు బావ జొన్నచేలో కోత, రా."

పోయినా. సాలు సగం కాకముందే చేతులు బొబ్బలెక్కినాయి. అందరూ అవతలి గట్టెక్కినాక నేనింకా నడిమధ్యలో ఉన్నా.

"ఏంది యేసుమణీ, జర్మనీ ఇంకా రాలేదా?" గట్టు మీద నుంచి పెదనాయన.

"మీ చేను అడ్డముంది పెదనాయనా, కోసుకుంటా పోతున్నా!"

సాలు తెగినాక అత్త వచ్చి వెనక్కి చూసింది. "మేకలు మేసినట్లుండాయే మొదళ్లు," అంటా నా అరచేతికి గుడ్డ చుట్టింది. "రోజూ రా. ఓడ ఎక్కేలోపల పనికొస్తావు."

నేను ఇంకో సాలు పట్టినా.