తాడు కింద నీలం చుక్క

చుక్క కుదురుకునేదాకా అచ్చెన్న కదలడు. బర్మాలో, యాంగోన్ ఊరి పజుండౌంగ్ పేటలో, వాగు వైపు దిగే వీధిలో, ఒక మేడ మెట్ల ముందు, ఫోన్‌ని ఛాతీకి జానెడు దూరంలో పట్టుకుని నిలబడ్డాడు. రెండు వైపులా పాత మేడలు. వాటి మధ్య ఆకాశం చీర అంచంత వెడల్పున ఉంది. అంత సన్నటి ఆకాశం కింద తానెక్కడున్నదీ ఫోన్‌కి ఒక పట్టాన తెలియదు. నీలం చుక్క ముందు ఎదుటి వరస మీద పడింది. తర్వాత మురుగుకాలువలోకి జరిగింది. కాసేపు ఊగిసలాడి, నెమ్మదిగా వచ్చి అతని కాళ్ల దగ్గర ఆగింది. అప్పుడు బొటనవేలితో నొక్కాడు.

‘ఎక్కడ నిలబడాలి?’ అని తెర అడిగింది. తలుపు, మెట్లు, తాడు అని కింద మూడు మాటలు చూపించింది. అచ్చెన్న ‘తాడు’ ఎంచుకున్నాడు.

యాంగోన్‌లో పాత మేడల మీద కాపురముండేవాళ్లు ప్రతి చిన్న వస్తువుకీ కిందికి దిగరు. లిఫ్టు లేదు, మెట్లు నిచ్చెనలంత నిటారు. అందుకని ప్రతి వసారా నుంచీ ఒక తాడు వీధిలోకి వేలాడుతుంది. కింది కొసన ఒక ఇనుప క్లిప్పు, పై కొసన చిన్న గంట. కిందివాడు తాడు లాగితే పైన గంట మోగుతుంది. ఇవ్వాల్సింది క్లిప్పుకి తగిలిస్తే పైవాళ్లు చేదుకుంటారు. అచ్చెన్న పడుచుతనమంతా ఆ క్లిప్పులకు పేపర్లు తగిలించడంలోనే గడిచింది. ఏ తాడు ఏ అంతస్తుదో, ఏ గంట బొంగురో, ఎవరు చేదుకునే ముందు కసురుతారో అతనికి తెలుసు.

పేపర్లు కొనేవాళ్లు తగ్గిపోయాక ఆ తెలివికి గిరాకీ లేకుండా పోయింది. చాలాకాలానికి సంచౌంగ్ పేటలోని ఒక చిన్న డెలివరీ కంపెనీ దాన్ని కొంటానంది. వాళ్ల యాప్‌కి ఇంటి నంబరు తెలుసు గానీ ఆ ఇంటికోసం ఎక్కడ నిలబడాలో తెలియదు. అది నేర్పడమే ఇప్పుడు అచ్చెన్న పని. నొక్కిన ప్రతిసారీ ఒక మేడ అతని తలలోంచి ఫోన్‌లోకి వెళ్లిపోతుంది. వీధులన్నీ ఎక్కేశాక తనతో పని ఉండదని అతనికి తెలుసు. ఐనా కొనేవాడు వచ్చినప్పుడు సరుకు దాచుకుని ఏం చేస్తాడు? తనతోపాటు కాటికి పట్టుకుపోయేది కాదుగదా.

కిళ్లీకొట్టు ముసలాయన కొట్టు ముందు నీళ్లు చల్లుతూ అనుమానంగా చూశాడు.

“మా కొట్టు మీద గుర్తెట్టకు బాబూ. ఎవుడు ఎందుకు సూత్తాడో ఏటో.”

“పెట్టను లెండి. పక్క మెట్లకే పెట్టినాను” అన్నాడు అచ్చెన్న. ఈ రోజుల్లో ఇలా అనేవాళ్లు వీధికి ఒకరైనా ఉంటారు. అతను వాదించడు. వద్దన్నవాళ్లని వదిలేస్తాడు.

ఎండెక్కేసరికి ఆ వీధి అయింది. అచ్చెన్న సన్నటి మనిషి, మెడ దగ్గర నరాలు తాళ్లలా తేలి ఉంటాయి. చొక్కా ఇస్త్రీ ఎరగదు, కానీ రోజూ ఉతికిందే. నడిచేటప్పుడు ప్రతి మూల మలుపులో ఆగి ఊపిరి కూడగట్టుకుంటాడు. మెట్లెక్కవద్దని డాక్టరు గట్టిగానే చెప్పాడు. తాడు ఉన్న ఊళ్లో అదేమంత నష్టం కాదని అచ్చెన్న అప్పట్లో అనుకున్నాడు.

నీడ చూసుకుని నిలబడి, ఫోన్‌లో ఇంకో మ్యాప్ తెరిచాడు. అందులో నీలం చుక్క తనది. వెనకసందులో, వాగుకి దగ్గరగా, ఆకుపచ్చ చుక్క ఒకటి ఉంది. అది గంగాభవానిది. కదల్లేదు. ఇంట్లోనే ఉంది.

గంగాభవాని నాలుగో అంతస్తులో ఒంటరిగా ఉండే మనిషి. భర్త రైల్వేలో పనిచేసి పోయాడు. పిల్లల్లేరు. మోకాళ్లు పట్టేశాక ఆమె కిందికి దిగలేదు. అచ్చెన్న ఊపిరి దెబ్బతిన్నాక పైకి ఎక్కలేదు. మధ్యలో తాడుంది. మిగతావాళ్లలా కాక ఆమె దాన్ని పైకి చుట్టి ఉంచి, అతను వచ్చినప్పుడే దించేది. పేపరు వేసే రోజుల్లో మొదలైన రాకపోకలు పేపరు పోయినా ఆగలేదు. అతను తమలపాకులో, మందుబిళ్లలో, ఎండుచేపలో పంపేవాడు. ఆమె స్టీలు డబ్బాలో ఒక పూట కూడు దించేది. ఆ డబ్బాని అతను ఎన్నడూ ఖాళీగా తిప్పి పంపలేదు. ఒక నిమ్మకాయో, ఇంత చింతపండో వేసేవాడు. వండిపెట్టినవాళ్ల గిన్నె ఒట్టిది పంపడం ఇద్దరి ఇళ్లలోనూ తప్పు. దాంతో ఎవరు ఎవరికి ఎంత ఇచ్చారో ఎప్పుడూ తేలలేదు. లెక్క తేలకుండా ఉన్నన్నాళ్లే రాకపోకలని అచ్చెన్న కనిపెట్టాడు. అంతకన్న దీనికి ఇంకే పేరూ పెట్టలేదు.

కిందటి వానాకాలం కంపెనీ కొత్త ఫోన్ ఇచ్చినప్పుడు తన పాతది క్లిప్పుకి తగిలించి పైకి పంపాడు. తను సందులోకి వచ్చేదాకా ఆమె వసారాలో ఎండకీ జల్లుకీ నిలబడుతోందని. “నీలం చుక్క సందు మలుపు తిరిగితే తాడు దించు. అంతదాకా కూకో” అని కిందినుంచి కేకేసి నేర్పాడు. ఫోన్ చేయడం నేర్పలేదు. రోజూ కింద నిలబడి మాట్లాడేవాడికి అది అవసరమని తోచలేదు.

నిన్న సాయంత్రం ఆమె వసారా కమ్మీ మీద రెండు చేతులూ ఆనించి వంగింది.

“అచ్చెన్నా, రేపు సాయింత్రం ఎల్తన్నాను. మా తమ్ముడి కొడుకు రాజబాబు వత్తాడు. ఏటికవతల ట్వంటే ఊరు తీసుకెల్లిపోతాడట. ఇక్కడ ఒక్కర్తినీ ఒగ్గీడట.”

అచ్చెన్న తాడు పట్టుకునే ఉన్నాడు. “మంచిదే గదా బవానమ్మా” అన్నాడు.

“మంచిదే. నువ్వు ఓపాలి పైకి వత్తావేటి? దగ్గిరగా మొకం సూసి ఎల్తాను.”

“వత్తాను. నిదానంగా ఎక్కుతాను.”

“ఐతే పొద్దున్నే మొదలెట్టు మరి, సాయింత్రానికి పైకొత్తావు!” అని నవ్వింది. పక్క మేడ వసారాలో ఎవరో కూడా నవ్వారు.

మధ్యాహ్నం బస్సెక్కి సంచౌంగ్ వెళ్లాడు. ఆఫీసులో కరెంటు లేదు. బ్యాటరీ మీద ఒక ఫ్యానే తిరుగుతోంది. పద్మిని దాని ఎదురుగా కూర్చుని ఉంది. పజుండౌంగ్ పిల్లే. కంప్యూటరు చదివి ఈ యాప్‌కి చోట్లు నేర్పే పనిలో చేరింది. బర్మావాళ్లు చిన్నాన్నని పిలిచినట్టు అతన్ని ‘ఊలే’ అంటుంది.

“ఊలే, ఇలా రండి, మీకొక జోకు చూపిస్తా. మీ ఇల్లు ఈ సందులోనా?”

అచ్చెన్న వంగి చూశాడు. గంగాభవాని మేడ వెనక, సరిగ్గా తాడు వేలాడే చోట, చిన్న ఇంటి బొమ్మ ఉంది.

“కాదమ్మా. నా గది గోదాం ఎనకాల.”

“అక్కడ రేకులు గదా, మీ ఫోన్ అసలు దొరకదు. పనయ్యాక మనిషి రోజూ ఎక్కడ ఎక్కువసేపు ఆగితే అదే ఇల్లనుకుంటుంది యాప్. మేమే అలా రాశాం.” నవ్వు ఆపుకుంది. “వాగు గట్టు మీద ఇల్లేటి ఊలే? ఎవరున్నారక్కడ?”

“తాడుంది.”

“పైన మనిషి లేకుండా తాడుంటుందా?”

అచ్చెన్న తెర వైపు ఇంకా వంగాడు. “ఈ బొమ్మలో పైనున్నోళ్లు, కిందున్నోళ్లు తెలుస్తాదా?” అని అడిగాడు.

“మా మ్యాప్‌కి ఎత్తు తెలీదు ఊలే. నాలుగో అంతస్తైనా వీధైనా ఒకటే చోటు. తప్పు ఇల్లు తీసీమంటారా?”

“ఇయాల్టికి ఉండనీ.”

బయటికొచ్చి ఫోన్ చూశాడు. ఆకుపచ్చ చుక్క ఉన్నచోటే ఉంది. చేతిలో వ్యవధి ఉంది. ఆ వ్యవధిని ఎలా ఖర్చుపెట్టాలా అని సంచౌంగ్ బజారులో నిలబడి ఆలోచించాడు. మొదటిసారి ఒకరింటికి ఎక్కి వెళ్తున్నాడు, అదీ వీడ్కోలుకి. ఒట్టి చేతులతో వెళ్లకూడదు. తమలపాకులు రోజూ ఇచ్చేవే. ఆలోచించగా తట్టింది. ఆమె నేల మీద కాలుపెట్టి ఎన్నో ఏళ్లయింది. ఆమెకు చెప్పులుండవు.

చెప్పుల కొట్లో వెల్వెట్ పట్టీలవి వరసగా పేర్చి ఉన్నాయి. “సైజు?” అని అడిగింది కొట్టు మనిషి. అచ్చెన్న తడబడ్డాడు. ఆమె గొంతు తెలుసు. కమ్మీ మీద ఆనించే చేతులు తెలుసు. కాళ్లు ఎప్పుడూ కమ్మీ వెనకే ఉండిపోయాయి. గాలిలో జాన కొలిచి చూపించాడు, మళ్లీ కొంచెం తగ్గించాడు. కొట్టు మనిషి ఓపిగ్గా జతలు తీస్తూ పోయింది. మధ్యమధ్య అతను ఫోన్ తీసి చూసుకున్నాడు. చుక్క కదల్లేదు. చివరికి ముదురు ఎరుపుది తీసుకున్నాడు. బేరమాడలేదు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. సంచీ ఒళ్లో ఉంది. ఒక ఏడు జ్వరమొచ్చి గదిలోంచి లేవలేకపోయిన సంగతి గుర్తొచ్చింది. గంగాభవాని తాడు దించి, తీయకుండా అలాగే ఉంచిందట. రాత్రంతా వానలో నానింది. తెల్లారి, కింద గారెల బండి పెట్టుకునే రామలక్ష్మి మొగుణ్ణి తనని వెతకమని పంపింది. తన తాత శ్రీకాకుళం వైపు నుంచి పడవెక్కి వచ్చి రేవులో బస్తాలు మోశాడు. తండ్రీ మోశాడు. తనకి పెళ్లి మాట నడుస్తూ నడుస్తూనే వయసు దాటిపోయింది. అన్నీ కూడి, అన్నీ తీసేస్తే, ఇంత ఊళ్లో తను రాలేదని గమనించే మనిషి ఒక్కతే మిగిలింది.

ట్వంటే ఏమంత దూరం కాదు. కానీ రాజబాబు ఇంటి గుమ్మం ముందు నిలబడి తానెవరని చెప్పాలి? తాడు దగ్గర ఆ ప్రశ్న ఎన్నడూ రాలేదు. ఇవాళ పైకెక్కి, ఆమె పక్కన కూర్చుని, రాజబాబు చూస్తుండగా ఒక గ్లాసు టీ తాగితే ఆ ప్రశ్నకి జవాబు అదే దొరుకుతుంది. తర్వాత ట్వంటే వెళ్లినా ఫలానా మనిషి అంటారు. అందుకే ఎక్కాలి. ఊపిరి ఎంత ఖర్చయినా సరే.

సందు మలుపు తిరిగేసరికి పొద్దు వాలుతోంది. ఫోన్‌లో నీలం చుక్క ఆకుపచ్చ చుక్క వైపు జరిగి, దాన్ని ఆనుకుని, దాని మీదికి ఎక్కి ఆగింది. అచ్చెన్న తలెత్తాడు. తాడు దించి ఉంది. క్లిప్పుకి గుడ్డసంచీ వేలాడుతోంది. తనను చూసే దించిందనుకున్నాడు. వసారాలో ఎవరూ లేరు. కూర్చుని ఉందేమో. తాడు లాగాడు. పైన గంట మోగింది. తెలిసిన గంటే, కానీ మోత వేరుగా ఉంది. సామాను లేని గదిలో మోగినట్టు సాగింది.

నూనె మూకుడు దగ్గర్నుంచి రామలక్ష్మి లేచి వచ్చింది.

“ఏటి మావా, ఇప్పుడొచ్చినావు? మద్దేనమే ఎలిపోనారు. రాజబాబుకి కారు ముందే దొరికీసిందట. కుర్చీలో కూకోబెట్టి దించినారు.”

“మద్దేనమా?” అన్నాడు. “పోన్లో ఇక్కడే ఉంది గదా.”

“పోనా? ఆ సంచీలోనే ఉంది మావా. ‘ఒకరి వొస్తువు అట్టుకెల్లిపోకూడదు, ఆయన వచ్చి తీసుకుంటాడు’ అని నాతో చెప్పింది. పొద్దున్నుంచీ నిన్నే సూసింది. నీ సుక్క సంచౌంగ్‌లో ఉందని, పనిలో ఉన్నాడు, పిలవకండనేసింది. ఎవరైనా ఎత్తుకుపోతారని నేనే కాపలా ఉన్నాను.”

“ఏమైనా చెప్పమందా?”

“మెట్లెక్కొద్దని చెప్పమంది.”

మూకుడు మాడుతోందని రామలక్ష్మి వెనక్కి వెళ్లింది.

అచ్చెన్న సంచీ విప్పాడు. ఫోన్‌ని మెత్తటి పాతగుడ్డలో చుట్టి ఉంచింది. నిండా ఛార్జి ఉంది. దాని కింద స్టీలు డబ్బా. మూత తీశాడు. వంటిల్లంతా సర్దేసినా అడుగున రెండు తాటిబెల్లం ముక్కలు వేసింది. ఆ ఫోన్ అతను ఇచ్చినప్పుడు ఇచ్చేశానన్నాడో, వాడుకో అన్నాడో గుర్తు తెచ్చుకోబోయాడు. ఏదీ అనలేదు. తీసుకో అని ఒక్క మాట అని ఉంటే ఆ చుక్క ఈపాటికి ట్వంటే దారిలో ఉండేది. ఆమె నిజాయితీకి వంక పెట్టడానికి లేదు. మధ్యాహ్నం నుంచీ అతను ఒక సంచీని చూసి ధైర్యంగా ఉన్నాడు. ఆమె అతని చుక్కని చూసి పిలవకుండా ఊరుకుంది.

గోడకి వీపు ఆనించి కాసేపు నిలబడ్డాడు. చేతిలో తన ఫోన్ వెలిగింది. ‘ఇది మీ ఇల్లా?’ అని అడిగింది. అవును, కాదు అని రెండు మాటలు చూపించింది. ఊపిరి కుదుటపడ్డాక ‘అవును’ నొక్కాడు.

బెల్లం ముక్క ఒకటి నోట్లో వేసుకున్నాడు. రెండు ఫోన్లూ చొక్కా జేబులో వేసుకున్నాడు. డబ్బా చంకన పెట్టుకున్నాడు. ఖాళీ అయిన గుడ్డసంచీని ఒక క్షణం చూశాడు. ఒట్టిది వదిలి వెళ్లడానికి చెయ్యి ఆడలేదు. కాగితంలోంచి చెప్పులు తీసి, అడుగులు రెండూ కలిపి, సంచీలో పెట్టి క్లిప్పుకి తగిలించాడు. అలవాటుగా తాడు ఒకసారి లాగాడు. పైన గంట మోగి ఆగిపోయింది.

అతను సందు దాటుతుంటే జేబులో ఆకుపచ్చ చుక్క నీలం చుక్కతో పాటే కదిలింది. రెండూ ఒకదాని మీద ఒకటి, గోదాం రేకుల కింద ఇద్దరూ దొరక్కుండా పోయేదాకా నడిచాయి.

వెనక, ఎవరూ చేదని తాడు కొసన, ఎరుపు చెప్పులున్న సంచీ వాగు గాలికి మెల్లగా తిరుగుతోంది.