మీట నిలవని ఇల్లు

తెల్లవారగానే ఆమె చేసే మొదటి పని, తండ్రి మంచం పక్కనున్న ఆక్సిజన్ మిషనుకు నీళ్ళ సీసా మార్చడం. కాచి చల్లార్చిన నీటిని గీత వరకూ పోసి, మూత బిగించి, బుడగలు సరిగ్గా వస్తున్నాయో లేదో వంగి చూసేది. మిషను వెనకనున్న స్పాంజి తీసి దుమ్ము దులిపేది. ఆ తర్వాత వరండాలోకి వెళ్ళి, మీటరు కింద ట్రిప్ స్విచ్ మీట పైకే ఉందని వేలితో తడిమి చూసుకుని, అప్పుడు పొయ్యి వెలిగించేది.

ఆ ఇంట్లో ఎవరైనా ఏడుపు మింగితే ఆ మీట పడిపోయేది. కొన్ని ఇళ్ళల్లో వానాకాలం గోడలు చెమ్మగిల్లుతాయి, కొన్ని ఇళ్ళల్లో తలుపులు బిగుసుకుపోతాయి. ఈ ఇంటి తీరు ఇది. బయటికి ఏడిస్తే ఏమీ అయ్యేది కాదు. గొంతుదాకా వచ్చినదాన్ని లోపలికి తోసేస్తే మాత్రం మీట టక్కున కిందికి వాలేది. ఆ దుఃఖం బయటికైనా రావాలి, అడుక్కి దిగి సద్దుమణగనైనా సద్దుమణగాలి. అంతవరకూ మీటను ఎంత పైకి నెట్టినా నిలిచేది కాదు. చిన్నతనంలో అదొక వేడుక. తమ్ముడు అలిగి మూలన కూర్చుని, తనకేమీ బాధ లేదని బింకంగా అన్నప్పుడల్లా ఇల్లు చీకటయ్యేది. తల్లి వంటింట్లోంచే, "వాణ్ణి ముందు ఏడిపించండర్రా, నాకు మిక్సీతో పనుంది" అని కేకేసేది.

ఆ తల్లి పోయి చాలా కాలమైంది. బస్సు కండక్టరుగా జీవితమంతా నిలబడే గడిపిన తండ్రి ఇప్పుడు మంచం దిగలేడు. ముక్కుకు గొట్టం లేనిదే ఆయనకు ఊపిరాడదు. ఆమె ఆయన పక్క గదిలోనే కుట్టు మిషను పెట్టుకుని, కర్టెన్లూ దిండు గలీబులూ కుట్టేది. తమ్ముడు సరుకుల ఓడలో వంటవాడు. అతని ఫోను ఎప్పుడో ఒకసారి వచ్చేది. వచ్చిన రోజు ఇంట్లో ఇద్దరి గొంతులూ పెద్దవయ్యేవి.

వేసవిలో ఓడవాళ్ళే ఫోను చేశారు. జ్వరం వచ్చిందనీ, రేవు చేరేలోపే పోయాడనీ, దేహాన్ని సముద్రానికే అప్పగించారనీ చెప్పారు. ఆమె వీధిలోనే కూలబడి విన్నది. బాబాయి వచ్చి, డాక్టరుతో మాట్లాడి, ఆ కబురు పెద్దాయన గుండె తట్టుకోదని తేల్చాడు. కొడుకును మళ్ళీ చూడాలన్న ఆశే ఆయన్ని నిలబెడుతోందని డాక్టరు కూడా అన్నాడట. ఆమె ముఖం కడుక్కుని లోపలికి వెళ్ళింది.

అప్పటినుంచి తండ్రి, "తమ్ముడు ఫోను చేశాడా?" అని అడగడం, "నువ్వు నిద్రలో ఉన్నప్పుడు చేశాడు నాన్నా" అని ఆమె చెప్పడం, ఆ వెంటనే మీట పడిపోవడం మామూలైపోయింది. మిషను ఆగి కుయ్యిమని అరిచేది. ఆమె గొట్టాన్ని చిన్న ఆక్సిజన్ సిలిండరుకు తగిలించి, వరండాలోకి పరుగెత్తి, గోడకు నుదురు ఆనించి, లోపలిది అడుక్కి దిగేదాకా నిలబడి, అప్పుడు మీట లేపేది. ఒక్కోసారి సిలిండరు అడుగంటేది. అప్పుడు ఆయన పెదవులు నీలమయ్యేవి.

ఇందుకు కారణం ఆమెకు తెలియక కాదు. దుఃఖాన్ని ఆపడం ఎలాగూ తన వల్ల కాదు కనుక, కరెంటునైనా ఆగకుండా చూడగలవాళ్ళు ఉంటారేమోనని పనివాళ్ళ కోసం వెతికింది. వీధి దీపపు స్తంభం మీద నంబరు చూసి మొదట పిలిచినవాడు, ఇది ఐదు నిమిషాల పనని చెప్పి, ట్రిప్ స్విచ్‌ను పక్కన పెట్టి, లావుపాటి తీగతో డైరెక్ట్ చేసేసి వెళ్ళిపోయాడు. నిజంగానే కరెంటు పోవడం మానేసింది. కానీ ఆమె మింగినదంతా తీగల్లోనే తిరగసాగింది. స్విచ్ బోర్డులు చేత్తో ముట్టుకోలేనంతగా వేడెక్కాయి. ఇస్త్రీపెట్టె ప్లగ్గు కరిగి సాకెట్టుకు అతుక్కుపోయింది. కాలుతున్న వాసనకు పక్కింటి పిన్నిగారు గోడ మీదుగా తొంగిచూసి, వాడెవడో కొంప ముంచేలా ఉన్నాడే అమ్మాయ్ అని చీవాట్లు పెట్టి, తనకు తెలిసినవాణ్ణి పంపింది.

అతన్ని అందరూ 'నిచ్చెన' అంటారు. తలుపు దగ్గర తల వంచి లోపలికి వచ్చిన ఆ మనిషిని చూసి, మంచం మీది తండ్రికి చాలా రోజుల తర్వాత హుషారు పుట్టింది.

"ఏమయ్యా, పేరేమో నిచ్చెన, చేతిలో నిచ్చెన లేదేం?"

"నేనుండగా అదెందుకండీ, మోత దండగ."

"నా బస్సెక్కితే నీ నడుం దాకా లోపల టిక్కెట్టు, మిగతాదానికి టాపు మీద టిక్కెట్టు కొట్టేవాణ్ణి."

నిచ్చెన నవ్వుతూనే ఆ లావుపాటి తీగను పీకి పారేసి, కొత్త ట్రిప్ స్విచ్ బిగించాడు. గీజరు పాతదా, మోటారు తడుస్తోందా, ఇంట్లో ఎవరైనా ఏడుపు మింగుతున్నారా అని వరసగా అడిగాడు. ఆమె ఒకసారి తండ్రి గది వైపు చూసి, లేదన్నట్టు తల ఊపింది. అతను మళ్ళీ అడగలేదు. ఇంట్లో ఉన్నవన్నీ ఆపేసి, ఒక్కొక్కటే వేస్తూ, ప్రతిదానికీ మీట వైపు చూడడం మొదలుపెట్టాడు.

తెరిచిన తలుపులోంచి అంతా గమనిస్తున్న తండ్రి, అదేం పద్ధతని అడిగాడు.

"అన్నీ కలిసి ఉంటే తప్పు ఎక్కడుందో తెలీదు పెద్దాయనా. ఒక్కొక్కటే వేసి చూడాలి. దేనికి పడితే దాంట్లో ఉన్నట్టు."

ఆ రోజు దేనికీ పడలేదు. వెళ్ళేటప్పుడు నిచ్చెన గేటు దగ్గర ఆగి, వైరింగులో లోపమేమీ లేదనీ, మిషనుకు వేరే లైను లాగినా అదీ ఈ మీట దగ్గరినుంచే రావాలనీ, ఎవరు చెప్పినా మళ్ళీ డైరెక్ట్ మాత్రం చేయించవద్దనీ గొంతు తగ్గించి చెప్పాడు. ఆ పని సాగినంతసేపూ తండ్రికి పెట్టిన సిలిండరు ఖాళీ అయింది. మర్నాడు బాబాయి దాన్ని నింపించడానికి తీసుకెళ్ళాడు.

ఆ మధ్యాహ్నం తండ్రి ఆమెను పిలిచి మంచం పక్కన కూర్చోమన్నాడు. ఆమె ఒళ్ళో సగం కుట్టిన కర్టెను ఉంది. ఆయన పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూస్తూ, కుట్టుపని బాగా వస్తోందా అని అడిగాడు. వస్తోందని చెప్పింది. ఫ్యాను తిరుగుతూనే ఉంది. తన కోసం వీధి చివరి ఇంటివాళ్ళ పెళ్ళి సంబంధం వదులుకున్నందుకు ఎప్పుడైనా బాధపడ్డావా అన్నాడు. పీడా పోయిందని నవ్వింది. అమ్మ గుర్తొస్తోందా అన్నాడు. వస్తుంది నాన్నా అని చెప్పి, కళ్ళు తుడుచుకుంది. ఫ్యాను ఆగలేదు.

"నేను పోతానని భయంగా ఉందా తల్లీ?"

"ఉంది" అంది. అంటూనే కన్నీళ్ళు కారాయి, కారనిచ్చింది.

ఆయన కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. బస్సులో కిక్కిరిసిన జనంలో టిక్కెట్టు తీసుకోనివాణ్ణి ముఖం చూసి పట్టేసే మనిషి. సిలిండరు ఇంట్లో లేదని ఆయనకు తెలుసు. తెలిసే అడిగాడు.

"తమ్ముడు?"

ఫ్యాను రెక్కలు నెమ్మదించాయి. మిషను అరవడం మొదలుపెట్టింది.

ఆమె ఒక్క ఉదుటున లేచింది. ఆయన ఆమె కొంగు పట్టుకున్నాడు. "ఎప్పుడమ్మా?"

"వేసవిలో నాన్నా. జ్వరం. ఓడలోనే." ఆ తర్వాత ఆమె నోటినుంచి వచ్చినవి మాటలు కావు. ఇన్ని నెలలూ గోడకు నుదురు ఆనించి అణిచిపెట్టినదంతా ఒక్కసారిగా బయటికి వచ్చింది. అలా ఏడుస్తూనే వరండాలోకి పరుగెత్తి మీట లేపింది. పడిపోయింది. మళ్ళీ లేపింది. మళ్ళీ పడిపోయింది. ముఖమంతా తడిసిపోయి ఉంది, లోపల ఇక దాచినదేమీ లేదు, అయినా మీట నిలవలేదు. అప్పుడామెకు అర్థమై గదిలోకి వచ్చింది.

తండ్రి పళ్ళు బిగించి పైకప్పు చూస్తున్నాడు. పెదవులు రంగు మారుతున్నాయి.

"నాన్నా, నువ్వు మింగుతున్నావు."

"నాకేం లేదు. నువ్వు ఏడు."

"నువ్వు ఏడవకపోతే కరెంటు రాదు నాన్నా."

"నేను కూడా ఏడిస్తే," ఆయన ఆగి, ఆగి అన్నాడు, "నువ్వేమైపోతావే?"

"ఇన్నాళ్ళూ వాణ్ణి ఒక్కదాన్నే మోశాను నాన్నా. నాకు తోడు కావాలి."

ఆమె ఆయన చేతిని రెండు చేతుల్లోకీ తీసుకుని, తమ్ముడు చివరిసారి ఫోనులో చెప్పిన మాట, ఇన్నాళ్ళూ ఆయనకు అందించలేకపోయిన మాట చెప్పింది. "నీతో చెప్పమన్నాడు. నాన్న విజిలేస్తే అంత బస్సూ ఆగేది, ఇక్కడ నేనెంత ఊదినా ఓడ ఆగట్లేదు అక్కా, నాన్నని ఒకసారి రమ్మను, అన్నాడు."

తండ్రి నోరు నవ్వబోయినట్టు తెరుచుకుంది. ఆ నోట్లోంచే, ఆమె పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ వినని శబ్దం వచ్చింది. ముసలి గొంతు, పసివాడి ఏడుపు. ఆ ఏడుపులో ఆయన్ని వదిలి వెళ్ళడానికి మనసు రాకపోయినా ఆమె వరండాలోకి వెళ్ళి మీట లేపింది. నిలిచింది. లోపల మిషను గుర్రుమంటూ అందుకుంది. దాని చప్పుడును మించి ఆయన ఏడుస్తూనే ఉన్నాడు.

ఆ కబురుతో ఆయన పోలేదు. డాక్టరు అనుకున్నది జరగలేదు. వానలు వెళ్ళి చలి మొదలయ్యేదాకా ఉన్నాడు. సాయంత్రమైతే కొడుకు గురించి ఏదో ఒకటి చెప్పమనేవాడు. చెబుతూ ఆమె, వింటూ ఆయన ఏడ్చేవారు, మధ్యలో వాడి చేష్టలు తలుచుకుని నవ్వేవారు కూడా. బాబాయికి ఇది చూడ్డానికి కష్టంగా ఉండేది. వరండాలోనే కూర్చుని వెళ్ళిపోయేవాడు.

ఒక ఉదయం, ఎండ మంచం మీదికి వచ్చిన వేళ, ఆయన ఊపిరి ఆగింది. ఆమె వీధంతా వినబడేలా ఏడ్చింది. పక్కింటి పిన్నిగారు చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చి ఆమెను పొదివి పట్టుకుంది. పైన ఫ్యాను తిరుగుతోంది. పీల్చేవాళ్ళు లేని గొట్టంలోకి మిషను గాలి ఊదుతూనే ఉంది. చాలాసేపయ్యాక ఆమే లేచి వెళ్ళి, స్విచ్ నొక్కి దాన్ని ఆపవలసి వచ్చింది.