స్టవ్వు కట్టేసే వచ్చావా?

పళ్ళ డాక్టరైన మా ఆయనకు ఒక చిట్కా ఉండేది. పట్టకారు పన్నుకు బిగించాక, "అవునూ, ఇంట్లో స్టవ్వు కట్టేసే వచ్చారా?" అని అడిగేవారు. కుర్చీలో ఉన్న మనిషి గుండె గుభేలుమని, మనసు వంటింట్లోకి పరుగెత్తి వచ్చేలోగా పన్ను ఊడి పళ్ళెంలో పడేది.

నా జ్ఞానదంతం అడ్డంగా మొలిచి దవడ వాచినప్పుడు, "ఎవరిచేతా తీయించుకోకు. వాపు తగ్గనీ, నేనే తీస్తా" అన్నారు. వాపు తగ్గేలోగా ఆయనే పోయారు.

ఏడాదిపాటు లవంగాలు నమిలాను, మాత్రలు మింగాను. ఆ పన్ను ఉన్నంతకాలం ఆయనకు నాతో పని మిగిలే ఉందనిపించేది. తీయించేస్తే ఇంకెందుకొస్తారు?

చివరికి జ్వరం ముంచుకొచ్చింది. ఆయన దగ్గరే పని నేర్చుకున్న మా మరిది వచ్చి నన్ను కారెక్కించాడు.

"ఇంకా మొండికేస్తే దవడంతా చీము పడుతుంది వదినా. అన్నయ్యుంటే నన్ను చీవాట్లేసేవాడు."

"నిన్నేనా? నన్ను వదిలేవారా?"

అదే కుర్చీ. తల ఆనించేచోట తోలు లొత్తపోయి ఉంది. సూది పడ్డాక పెదవి మొద్దుబారింది. లైటు వెలుగుకు కళ్ళు మూసుకున్నాను. చిగురు కోయడం, డ్రిల్లు రొద, అంతా పక్కింట్లో జరుగుతున్నట్టుంది. అప్పుడు ఎడమ చెవి దగ్గర, "అవునూ, స్టవ్వు కట్టేసే వచ్చావా?"

పాలు! జ్వరం మైకంలో పాలు పెట్టి వచ్చేశాను. "లేదండీ" అన్నాను గొంతులోనే. దవడలో ఏదో కరుక్కుమంది. పన్ను పళ్ళెంలో ఠంగుమంది.

నోట్లో దూదితోనే గొణిగాను. "స్టవ్వు గురించి అడిగావుగా, అన్నయ్య చిట్కా బాగానే పట్టేశావు."

"నేనా? పళ్ళు బిగబట్టి లాగుతున్నా వదినా. నోరు విప్పితే ఒట్టు."

నర్సు వైపు చూశాను. ఆ పిల్లా తల అడ్డంగా ఊపింది.

ఇంటి తాళం తీయగానే మాడు వాసన. పాలగిన్నె అడుగు బొగ్గయిపోయింది. స్టవ్వు మాత్రం కట్టేసి ఉంది. ఇంటికున్న తాళంచెవి ఒక్కటే, అది నా చేతిలోనే ఉంది.

స్టవ్వు మీట మీద వేళ్ళు పెట్టి నిలబడిపోయాను. మత్తు దిగుతోంది. నాలుక మాటిమాటికీ ఆ గుంట దగ్గరికే పోతోంది. ఇచ్చిన మాట చెల్లించేశారు. ఇక ఆయనకు నాతో పనేం మిగిలింది?

మర్నాడు గిన్నె తోమి, పాలు పోసి, స్టవ్వు వెలిగించాను. చెప్పులేసుకుని, బయట తాళం పెట్టి, వీధి చివరిదాకా నడిచి వెళ్ళాను.